రిమోట్ బండిలో హెచ్‌వీ (హై వోల్టేజి) స్టీరింగ్ సర్వోకి (ముందు చక్రాలు తిప్పే మోటరు డబ్బాకి) పవర్ ఎక్కడి నుంచి ఇవ్వాలి? ఏ ఎర్ర వైరు పీకాలి?

బండరాయి:

బండి 1/10 సైజు రాక్ క్రాలర్ (రాళ్లెక్కే రిమోట్ బండి). 3ఎస్ (మూడు సెల్లుల) 5000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, బ్రష్డ్ మోటరు. ఈఎస్‌సీ (మోటరు వేగాన్ని నడిపే బోర్డు) లోపలి బీఈసీ (బ్యాటరీ వోల్టేజిని దించి రిసీవర్‌కీ సర్వోకీ ఇచ్చే రెగ్యులేటరు) 6 వోల్టులు, 3 ఆంప్స్. వోల్టేజి మార్చుకునే సెట్టింగ్ లేదు. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ లేబుల్ మీద 4.5 నుంచి 6.5 వోల్టులు అని ఉంది. స్టీరింగ్‌కి కొత్తగా 35 కిలోల బలమున్న హెచ్‌వీ సర్వో వేశాను. దాని కాగితంలో 6 నుంచి 8.4 వోల్టులు, 7.4 దగ్గర స్టాల్ కరెంటు (కదలకుండా పట్టేసినప్పుడు లాగేది) 5 ఆంప్స్ అని ఇచ్చారు.

బండిని చేత్తో ఎత్తి తిప్పితే స్టీరింగ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. ముందు చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు ఫుల్ లాక్ ఇస్తే (స్టీరింగ్ చివరిదాకా తిప్పితే) మాత్రం బండి ఒక్క క్షణం చచ్చిపోతోంది. రిసీవర్ లైటు ఆరి వెలుగుతుంది, ఈఎస్‌సీ స్టార్టింగ్ బీప్ కొడుతుంది, తర్వాత అంతా మామూలే. పాత 15 కిలోల సర్వోతో ఈ గోల లేదు.

బయటి బీఈసీ పెట్టమని అందరూ అంటున్నారు. "ఎర్ర వైరు పీకెయ్" అని కూడా అంటున్నారు. ఏ ఎర్ర వైరు? ఈఎస్‌సీదా, సర్వోదా? పీకేస్తే రిసీవర్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

టంకం:

అన్నా, రోగం నీ పోస్టులనే ఉన్నది. మోటరు ఒక్కటే ఆగి స్టీరింగ్ తిరుగుతుంటే లైపో కటాఫ్ (బ్యాటరీ తగ్గినంక ఈఎస్‌సీ మోటరును ఆపుడు) అనో, ఈఎస్‌సీ వేడెక్కిందనో అనుకోవాలె. స్టీరింగ్ ఒక్కటే పోయి మోటరు నడుస్తుంటే సర్వోను అనుమానించాలె. నీకు రెండూ ఒక్కసారే పోయి ఒక్కసారే వస్తున్నయ్, రిసీవర్ లైటు గూడ ఆరుతున్నది. అంటే ఆ 6 వోల్టుల లైనే కూలబడుతున్నది.

లెక్క చూడు. 7.4 వోల్టుల దగ్గర 5 ఆంప్స్ అంటే సర్వో మోటరు నిరోధం దగ్గర దగ్గర ఒకటిన్నర ఓమ్. స్టాల్‌ల మోటరు తిరగదు, ఎదురు వోల్టేజి పుట్టదు, కాబట్టి వోల్టేజిని ఓమ్‌తోని భాగిస్తే వచ్చేదే కరెంటు. 6 వోల్టుల దగ్గర 4 ఆంప్స్. నీ బీఈసీ ఇచ్చేది 3. అంటే హెచ్‌వీ వోల్టేజి ఇయ్యకముందే, 6 దగ్గరనే, నీ బీఈసీకి అది మోయలేని బరువు. ఇంకో ముచ్చట: కుడి చివర నుంచి ఎడమకు ఒక్కసారి తిప్పినప్పుడు తిరుగుతున్న మోటరు ఎదురు వోల్టేజి సప్లైకి తోడైతది. ఆ రెప్పపాటుల కరెంటు స్టాల్ కన్నా ఎక్కువే లాగుతది. ఇసొంటి దెబ్బ పడ్డప్పుడు 3 ఆంప్స్ బీఈసీ 4 వోల్టుల కిందికి జారుతది, రిసీవర్ రీబూట్ అయితది.

నమ్మకం కుదరకపోతే కొలువు. రిసీవర్ ఖాళీ పోర్టుల నడుమ పిన్నుకు మీటరు ఎర్రది, అంచు వైపు మైనస్ పిన్నుకు నల్లది పెట్టు. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల నడుమ గట్టిగ పట్టి ఫుల్ లాక్ ఇయ్యి, రెండు సెకన్లకు మించి వద్దు. మామూలు మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లే చూస్తది, చిన్న గుంతలు దానికి కనబడవు. మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే అది నొక్కి పెట్టు. 5 కన్న తక్కువ కనబడ్డదంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

గేర్‌పళ్లు:

ముందు ఖర్చు తక్కువ పని చేసి చూడొచ్చు కదా. రిసీవర్ ఖాళీ చానల్లో ఒక కెపాసిటర్ గుచ్చండి. 4700 మైక్రోఫారడ్, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం. 6.3 వోల్టుల రేటింగ్‌ది కాకుండా 16 వోల్టులది తీసుకోండి, రేపు లైను 7.4కి మార్చినా పనికొస్తుంది. హైదరాబాదులో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పాత సర్వో ప్లగ్గు కోసి ఎరుపుకి ప్లస్సు, నలుపుకి గీత ఉన్న మైనస్ కాలు టంకం పెట్టి, మీద ష్రింక్ ట్యూబు (వేడికి బిగిసే గొట్టం) తొడిగితే అయిపోయింది. కాళ్లు తారుమారు చేస్తే మాత్రం పేలుతుంది, గుచ్చే ముందు రెండుసార్లు చూసుకోండి.

టంకం:

కెపాసిటర్ మంచిదే, కానీ ఈ రోగానికి మందు అది కాదు. 4700 మైక్రోఫారడ్ 6 వోల్టుల నుంచి 4కి దిగేదాకా ఇచ్చే చార్జి 9.4 మిల్లీకూలూంబులు. బీఈసీ 3 ఆంప్స్ ఇస్తున్నది, మిగిలిన ఒక్క ఆంపే కెపాసిటర్ మోస్తున్నదనుకున్నా 9.4 మిల్లీసెకన్లు. బీఈసీ ఓవర్‌లోడై పూర్తిగ చేతులెత్తేస్తే 4 ఆంప్సూ దాని మీదనే పడతయ్, రెండుంబావు మిల్లీసెకన్లల ఖతం. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుంటే నువ్వు స్టిక్ పట్టి ఉంచేది అర సెకనో, సెకనో. దిశ మారేటప్పుడు వచ్చే ముల్లు లాంటి దెబ్బలకు కెపాసిటర్ పనికొస్తది, స్టాల్‌కు కాదు.

గేర్‌పళ్లు:

లెక్క ఒప్పుకుంటున్నా. రేస్ బండ్లలో స్టాల్ ఎక్కువసేపు ఉండదు, అందుకే అక్కడ కెపాసిటర్‌తో సరిపోతుంది. క్రాలర్ సంగతి వేరు.

నల్లవైరు:

బండరాయి గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబు: మీ రిసీవర్‌తో అయితే సర్వో ఎర్ర వైరు తీయాలి. ఈఎస్‌సీ ఎర్ర వైరు జోలికి వెళ్లకండి. జనం గందరగోళ పడేది ఎందుకంటే బయటి బీఈసీ పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి, ఒక్కో పద్ధతిలో ఒక్కో ఎర్ర వైరు పోతుంది.

మొదటి పద్ధతిలో బయటి బీఈసీ రిసీవర్‌కే కరెంటు ఇస్తుంది, రిసీవర్ గుండా సర్వోకి వెళ్తుంది. అప్పుడు ఈఎస్‌సీ ఎర్ర వైరు తీయాలి. లేకపోతే 6 వోల్టుల రెగ్యులేటరూ 7.4 వోల్టుల రెగ్యులేటరూ ఒకే లైన్లో తలపడతాయి, పెద్దదాని కరెంటు చిన్నదాని అవుట్‌పుట్‌లోకి వెనక్కి తోసుకుపోతుంది. ఈ పద్ధతిలో రిసీవర్‌కీ 7.4 వెళ్తుంది. మీది 6.5 వరకే తట్టుకుంటుంది కాబట్టి ఇది మీకు చెల్లదు. రిసీవర్ 8.4 వరకు తట్టుకునేదైనా నేను దీన్ని రెండో ఎంపికగానే చూస్తాను. సర్వో లాగే 5 ఆంప్స్ మొత్తం రిసీవర్ బోర్డు మీది సన్నటి రాగి గీతలోంచీ, 3 ఆంప్స్ తరగతి పిన్నుల్లోంచీ పోతుంది. రిసీవర్ పోర్టుకి 5 వోల్టుల ఫ్యాన్ తగిలించి ఉంటే అదీ మాడుతుంది.

రెండో పద్ధతిలో రిసీవర్‌ని ఈఎస్‌సీ బీఈసీయే పోషిస్తుంది, ఇప్పుడున్నట్టే. బయటి బీఈసీ సర్వోని ఒక్కదాన్నే పోషిస్తుంది. సర్వో నుంచి రిసీవర్‌కి సిగ్నల్ వైరు, నల్ల వైరు మాత్రమే వెళ్తాయి. ఇక సర్వో ఎంత లాగినా రిసీవర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. మీ ఈఎస్‌సీ బీఈసీ మీద మిగిలేది రిసీవర్ ఒక్కటే, దానికి 3 ఆంప్స్ ధారాళం.

కావలసినవి: 2ఎస్ నుంచి 6ఎస్ వరకు ఇన్‌పుట్ తీసుకునే 10 ఆంప్స్ స్విచింగ్ రకం బీఈసీ, 7.4 అవుట్‌పుట్ ఎంచుకునేది. 20 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) సిలికాన్ వైరు ఎరుపు, నలుపు చెరో 30 సెంటీమీటర్లు. ఒక సర్వో ఎక్స్‌టెన్షన్ (పొడిగింపు వైరు), అది 22 గేజ్‌ది అయితే మంచిది. ష్రింక్ ట్యూబులు. 60 వాట్లకు తగ్గని సోల్డరింగ్ ఐరన్, వెడల్పాటి మొన. బ్యాటరీ కనెక్టర్‌ని 25 వాట్ల ఐరన్‌తో పెడితే టంకం పైపైన ఉండలా నిలబడుతుంది, లోపల అతకదు.

ముందు బీఈసీ వోల్టేజి ఖాయం చేసుకోండి. జంపర్ ఉన్నదైతే 7.4 దగ్గర పెట్టి, సర్వో తగిలించకుండా బ్యాటరీ ఇచ్చి మీటరుతో చూడండి. కొన్ని బీఈసీలకి కంప్యూటర్‌తో గానీ ఫోన్‌తో గానీ సెట్ చేయాలి, పెట్టెలోంచి తీసేసరికి 5 వోల్టుల దగ్గర్లో ఉంటాయి. అవి అలాగే పెట్టేసి "కొత్త బీఈసీతో సర్వో ఇంకా నీరసపడింది" అనుకునేవాళ్లున్నారు.

బీఈసీ ఇన్‌పుట్ వైర్లని బ్యాటరీ కనెక్టర్‌కి ఈఎస్‌సీ వైపు భాగంలోనే కలపాలి. ఎక్స్‌టీ60 అయితే టంకం పెట్టేటప్పుడు రెండో సగాన్ని గుచ్చి ఉంచండి. లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను వంకరపోతుంది. బీఈసీ సన్న వైరుని ఈఎస్‌సీ లావు వైరుకి చుట్టి, రెండింటికీ కలిపి టంకం పూసి, ఒకే కప్పులోకి (పిన్ను వెనక గుంతలోకి) దింపండి. ఎందుకు ఒకే కప్పులో అంటే, బ్యాటరీ పీకినప్పుడు ఈఎస్‌సీ మైనస్సూ బీఈసీ మైనస్సూ ఒక్క క్షణంలోనే తెగాలి. వేర్వేరు కనెక్టర్లతో పెట్టి, ఈఎస్‌సీ మైనస్ ముందు తెగితే, మోటరు కరెంటు తిరిగి వెళ్లే దారి లేక రిసీవర్ నల్ల వైరులోంచీ, బీఈసీ మైనస్‌లోంచీ పోతుంది. 26 గేజ్ వైరు ఆ కరెంటుకి పొగైపోతుంది.

తర్వాత ఎక్స్‌టెన్షన్. సర్వో వైరు కోయకండి, రేపు సర్వో మార్చాల్సి వస్తే మళ్లీ ఇదే పని. ఎక్స్‌టెన్షన్‌ని మధ్యలో కోసి, సర్వో వైపు ముక్కలోని ఎర్ర వైరుని బీఈసీ ప్లస్‌కి కలపండి. నల్లవి మూడూ (సర్వో వైపుది, రిసీవర్ వైపుది, బీఈసీ మైనస్) ఒక ముడిగా కలపండి. సిగ్నల్ వైర్లు రెండూ ఒకదానికొకటి. రిసీవర్ వైపు ఎర్ర వైరు ఎక్కడికీ వెళ్లకూడదు. ప్లగ్గు మీది ప్లాస్టిక్ నాలుకని సూదితో కొంచెం పైకెత్తితే పిన్ను బయటికి వచ్చేస్తుంది. ఊరికే కోసి వదిలితే ఏనాటికైనా మొన బయటికొచ్చి దేనికో తగులుతుంది. సర్వో వైర్ల రంగులు గోధుమ, ఎరుపు, నారింజ అయినా, నలుపు, ఎరుపు, తెలుపు అయినా ఎరుపు మధ్యలోదే. ముదురుది మైనస్, మిగిలింది సిగ్నల్.

చాలా బీఈసీలకి అవుట్‌పుట్‌గా రెండు సర్వో ప్లగ్గులిస్తాడు. అందం కోసం కాదు, ఒక ప్లగ్గు పిన్ను 10 ఆంప్స్ మోయలేదు కాబట్టి రెండు దార్లుగా పంచాడు. ఇక్కడ ఆ ప్లగ్గులు రెండూ కోసేసి, రెండు ఎర్రవి కలిపి, రెండు నల్లవి కలిపి నేరుగా టంకం పెట్టండి.

బ్యాటరీ గుచ్చే ముందు మీటరుని బీప్ మోడ్‌లో పెట్టి మూడు చూడండి. రిసీవర్ మధ్య పిన్నుకీ సర్వో ఎర్ర వైరుకీ మధ్య బీప్ రాకూడదు. రిసీవర్ మైనస్‌కీ సర్వో నల్ల వైరుకీ మధ్య రావాలి. సర్వో ఎరుపుకీ నలుపుకీ మధ్య రాకూడదు, ఒకవేళ ఒక్క క్షణం కూసి ఆగిపోతే అది బీఈసీ కెపాసిటర్, కంగారు పడొద్దు.

బండరాయి:

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్సండీ. మూడు సందేహాలు.

ఒకటి, బీఈసీ కొనకుండా 3ఎస్ బ్యాటరీ బ్యాలన్స్ వైర్లోంచి (సెల్లులని సమానంగా చార్జ్ చేయడానికి ఉండే సన్న వైర్లు) రెండు సెల్లులు పట్టుకుంటే 7.4 వస్తుంది కదా, అది సర్వోకి ఇచ్చేయొచ్చా? రెండు, సర్వో 8.4 తట్టుకుంటుంది కదా, 7.4 ఎందుకు? మూడు, నల్ల వైరు రిసీవర్‌కి వెళ్తే సర్వో కరెంటు అందులోంచి కూడా పోదా? సిగ్నల్ ఒక్కటే పంపితే చాలని చదివాను.

టంకం:

బ్యాలన్స్ వైరు జోలికి పోకన్నా. ఆ తెల్ల కనెక్టర్ జేఎస్‌టీ ఎక్స్‌హెచ్, పిన్ను రేటింగే 3 ఆంప్స్. దానికన్న పెద్ద సమస్య, కింది రెండు సెల్లులు సర్వో బరువు గూడ మోస్తయ్, మూడోది మొయ్యదు. సగటున 1 ఆంప్ లాగితే 40 నిమిషాల నడకల రెండు సెల్లులు మూడోదాని కన్న 670 ఎంఏహెచ్ ఎక్కువ ఖాళీ అయితయ్. 5000ల అది 13 శాతం. ఈఎస్‌సీ కటాఫ్ మూడు సెల్లుల మొత్తం చూసుకుంటది, విడివిడిగ చూడదు. మొత్తం మంచిగనే ఉన్నట్టు కనిపించంగనే ఆ రెండు 3 వోల్టుల కిందికి పోతయ్, ఉబ్బుతయ్. మళ్లీ సమానం చెయ్యాలంటే 300 మిల్లీఆంప్స్ బ్యాలన్స్ చార్జర్‌కు రెండుగంటల పైనే పడతది. బీఈసీ మిగిలిందని బ్యాటరీ పోగొట్టుకున్నట్టు.

నల్లవైరు:

8.4 సంగతి. 7.4 నుంచి 8.4కి వెళ్తే బలం, వేగం రెండూ సుమారు 13 శాతం పెరుగుతాయి. స్టాల్‌లో సర్వో మోటరు లోపల పుట్టే వేడి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది, అంటే 29 శాతం. మీ సర్వోకి అంకెల్లో చెప్పాలంటే 7.4 దగ్గర స్టాల్ అయితే 37 వాట్లు, 8.4 దగ్గర 48 వాట్లు. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద డబ్బాలో 48 వాట్లు! రేస్ బండి స్టీరింగ్ క్షణంలో సగంసేపు కూడా స్టాల్‌లో ఉండదు. క్రాలర్‌ది సగం బతుకు స్టాల్‌లోనే. పేరున్న బ్రష్‌లెస్ సర్వో అయితే 8.4 ఇవ్వండి. తక్కువ ధర బ్రష్డ్ సర్వోల లేబుల్ మీది 8.4ని అది భరించే అంచు అనుకోండి, రోజూ నడిపే చోటు అనుకోవద్దు.

నల్ల వైరు ప్రశ్న మంచిది. సిగ్నల్‌కి ఒక ఆధారం కావాలి. ఎన్ని వోల్టులు అంటే దేనితో పోల్చి అన్నది తెలియాలి కదా. రిసీవర్ నుంచి నల్ల వైరు తీసేస్తే ఆ ఆధారం ఈఎస్‌సీ గుండా, లావు వైరు గుండా చుట్టు తిరిగి వస్తుంది. 12 గేజ్ వైరు 10 సెంటీమీటర్లకి అర మిల్లీఓమ్. 40 ఆంప్స్ పోతున్నా తేడా 20 మిల్లీవోల్టులే. కాబట్టి సిగ్నల్ ఒక్కటే పంపినా పనిచేస్తుంది, మీరు చదివింది తప్పు కాదు. కానీ మోటరు రొద అంతా ఆ దారిలోనే ఉంటుంది. సిగ్నల్ వైరు పక్కనే దాని నల్ల వైరు నడిస్తే సర్వో వణుకు తక్కువ.

ఇక సర్వో కరెంటు అందులోంచి పోతుందా అంటే, పోతుంది, కొంచెం. బీఈసీ 20 గేజ్ నల్ల వైరు 20 సెంటీమీటర్లు, దాదాపు 7 మిల్లీఓమ్‌లు. రిసీవర్ దారిలో 26 గేజ్ రెండు ముక్కలు చెరో 15 సెంటీమీటర్లు, మీదట ప్లగ్గు పిన్నులు, కలిపి 60 మిల్లీఓమ్‌ల చుట్టూ. 5 ఆంప్స్‌లో అర ఆంప్ అటు పోతుంది, ఏమీ కాదు. ఏమైనా అయ్యేది ఆ మూడు నల్ల వైర్ల ముడిలో బీఈసీ కాలు ఊడితేనే. అప్పుడు 5 ఆంప్సూ రిసీవర్ గుండానే పోతాయి. అందుకే ఆ ముడికి టంకం బాగా పట్టించి, మీద ష్రింక్ ట్యూబు, దాని మీద ఇంకోటి వేయండి. క్రాలర్ కుదుపులకి మెలిపెట్టి టేపు చుట్టిన ముడి నెల కూడా ఆగదు.

చక్రాలు4:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది 2ఎస్ బండి, అదే తరహా 8.4 సర్వో. 2ఎస్‌లో బీఈసీ అవసరమా, నేరుగా ఇచ్చేయొచ్చా? రిసీవర్ నాదీ 6.5 వరకే.

నల్లవైరు:

నేరుగానే ఇవ్వండి. మామూలు బీఈసీ వోల్టేజిని దించగలదు, పెంచలేదు. 7.4 అవుట్‌పుట్ రావాలంటే లోపలికి దానికన్నా ఎక్కువ రావాలి. 2ఎస్ సగం ఖాళీ అయ్యాక బరువు పడితే 7 వోల్టులకి దిగుతుంది, బీఈసీ 7 కన్నా తక్కువే ఇస్తుంది. ఉన్న కాస్తలో అది కొంత తినడం తప్ప లాభం లేదు. వైరింగ్ పైన చెప్పినట్టే, బీఈసీ ఉన్న చోట ఏమీ లేకుండా వైర్లు తిన్నగా కనెక్టర్ కప్పులోకి. సర్వో ఎరుపు రిసీవర్‌కి వెళ్లకూడదు. వెళ్తే ఈఎస్‌సీ 6 వోల్టుల లైన్లోకి 8.4 తోసినట్టే.

మూడు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. ఈఎస్‌సీ స్విచ్ కట్టేసినా సర్వోకి కరెంటు అందుతూనే ఉంటుంది. ఈఎస్‌సీ కటాఫ్ మోటరునే ఆపుతుంది, సర్వోని కాదు. బండి ఆపి బ్యాటరీ పీకకుండా అలా వదిలేస్తే, సర్వో ఊరకున్నప్పుడు లాగే కొద్దిపాటి కరెంటే కొన్ని రోజుల్లో లైపోని చంపేస్తుంది. ఇక హెచ్‌వీ లైపోలు, పెట్టె మీద 7.6 వోల్టులని రాసేవి. సెల్లుకి 4.35 చొప్పున నిండా చార్జ్ చేస్తే 8.7 వోల్టులు, 8.4 సర్వోకి ఎక్కువే. వాటిని 4.2కే చార్జ్ చేయండి, లేదా బీఈసీ పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, నేరుగా వైరు వేసిన బండికి ఎవరో 3ఎస్ గుచ్చితే 12.6 వోల్టులు సర్వోలోకి. 12.6 తట్టుకుంటాయని లేబుల్ మీద రాసే సర్వోలు కొన్ని ఉన్నాయి, మీది అది కాదు. కనెక్టర్ పక్కన "2ఎస్ మాత్రమే" అని చీటీ అంటించండి.

గేర్‌పళ్లు:

నైట్రో (ఇంధనంతో నడిచే) బండ్లవాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట. వాటిలో ఈఎస్‌సీ ఉండదు, రిసీవర్ ప్యాకే అందరికీ అన్నం పెట్టాలి. సర్వోలు హెచ్‌వీ కాకపోతే 2ఎస్ లైఫ్ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ వాడినా నిండా ఉన్నప్పుడు 7.2 ఉంటుంది, చార్జర్ నుంచి తీసిన వెంటనే 6 వోల్టుల సర్వోకి ఇవ్వొద్దు. హెచ్‌వీ సర్వోలైతే 2ఎస్ లైపో నేరుగా, రిసీవర్ 8.4 తట్టుకునేదై ఉండాలి. అక్కడ ముందుగా పోయేది స్విచ్. పెట్టెతో వచ్చే చిన్న జారుడు స్విచ్‌లో రెండు హెచ్‌వీ సర్వోల కరెంటు పోతే కాంటాక్టులు నల్లబడి అక్కడే వోల్టు పడిపోతుంది.

వైరు పొడవు మాట కూడా ఎవరూ ఎత్తలేదు. 26 గేజ్ ఎక్స్‌టెన్షన్ 30 సెంటీమీటర్లంటే రానూపోనూ 60, నిరోధం 80 మిల్లీఓమ్‌లు. 5 ఆంప్స్ పోతే 0.4 వోల్టు దారిలోనే ఆవిరి. 22 గేజ్ అయితే 0.16. బీఈసీని సర్వోకి దగ్గరగా, ముందు భాగంలో పెట్టండి. రిసీవర్ యాంటెన్నాకి మాత్రం కనీసం 5 సెంటీమీటర్ల దూరం ఉంచండి. స్విచింగ్ బీఈసీ రొద అంతా దాని కాయిల్ దగ్గరే ఉంటుంది. వైరు మీద వచ్చిన నల్ల ఫెరైట్ ఉంగరాన్ని (రొద తగ్గించేది) అడ్డమని తీసి పారేయకండి. బీఈసీ చుట్టూ గాలి ఆడాలి, నురగ టేపుతో నాలుగు వైపులా చుట్టొద్దు. నీళ్లలోకి దిగే బండి అయితే బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ (తడి తగలనివ్వని వార్నిష్) రెండు పూతలు, జంపర్ పిన్నులు తడవకుండా సిలికాన్ చుక్క.

బండరాయి:

నల్లవైరు గారు చెప్పినట్టే చేశాను, 7.4 దగ్గర. చక్రం మోకాళ్ల మధ్య పట్టి కొలిస్తే: పాత వైరింగ్‌లో రిసీవర్ దగ్గర మిన్ 3.6. ఇప్పుడు 5.9, ఎంత బిగించినా కదలట్లేదు. సర్వో ఎర్ర వైరు దగ్గర 7.1.

ఒకటే ఇబ్బంది. ఏమీ ఇరుక్కోకుండా ఫుల్ లాక్ ఇచ్చినా సర్వో "జూ" అని మూలుగుతోంది. ఇంతకుముందు మూలిగేది కాదు. నిమిషంలో డబ్బా వేడెక్కుతోంది.

టంకం:

అది పవర్ లోపం కాదన్నా, పవర్ ఎక్కువై బయటపడ్డ లోపం. లాక్ దగ్గర చక్రం ఇరుసు స్టాపుకు ఆనినంక గూడ సర్వో ఇంకా ముందుకు పోదామని తోస్తున్నది. ఇదివరకు దానికి అంత బలం లేక, రాడ్డు కొంచెం వంగి, కనబడలే. ట్రాన్స్‌మిటర్ల స్టీరింగ్ ఎండ్‌పాయింట్ (సర్వో ఎంతదాక తిరగాలన్న హద్దు) రెండు వైపులా 50 శాతానికి దించు. హార్న్ (సర్వో షాఫ్టు మీది చెయ్యి) నడుమ నిట్టనిలువుగ ఉండాలె, సబ్‌ట్రిమ్‌తోని (ట్రాన్స్‌మిటర్ల నడుమ చోటు జరిపే సెట్టింగ్) కాకుండా వీలైనంత వరకు హార్న్ పన్ను మార్చి పెట్టు. తర్వాత ఒక్కో వైపు రెండేసి శాతం పెంచుకుంట పో, చక్రం స్టాపుకు ఆని మూలుగు మొదలైన చోట ఆగి మూడు శాతం వెనక్కి రా. కుడి, ఎడమ అంకెలు ఒక్కతీరు ఉండవు, ఉండాల్సిన పని గూడ లేదు. నేల మీద బండి బరువుతోని ఇంకోసారి చూడు, ఎత్తిపట్టి పెట్టిన సెట్టింగ్ నేల మీద ఒకటి రెండు శాతం మారుతది.

రాళ్లల్ల ఇరుక్కున్నప్పుడు మాత్రం ఎండ్‌పాయింట్ కాపాడలేదు. స్టిక్ పట్టుకుని పది సెకన్లు తోసే బదులు కొంచెం థ్రాటిల్ ఇచ్చి చక్రాన్ని కదిలించినంక తిప్పు. డబ్బా మీద వేలు పెట్టి ఐదు సెకన్లు ఉంచలేకపోతే బండి పక్కన పెట్టి చల్లారనియ్యి.

గేర్‌పళ్లు:

ఇంకొకటి చూసుకోండి. సర్వోతో వచ్చిన ప్లాస్టిక్ హార్నే వాడుతున్నారా? 35 కిలోల టార్కు అంటే ఒక సెంటీమీటరు చేతి మీద 35 కిలోల తోపు, ఒకటిన్నర సెంటీమీటర్ల చేతి మీద 23 కిలోల తోపు. ఇన్నాళ్లూ 6 వోల్టుల నీరసంలో ఆ హార్న్ బతికింది, ఇప్పుడు దాని లోపలి పళ్లు నున్నగా అరిగిపోతాయి. పక్కన స్క్రూతో బిగిసే అల్యూమినియం క్లాంప్ హార్న్ వేయండి, మీ సర్వో షాఫ్టు పళ్లు లెక్కపెట్టి కొనండి. 25 పళ్లదే ఎక్కువ కనిపిస్తుంది గానీ 23, 24 కూడా ఉన్నాయి, దగ్గర్లో ఉంది కదా అని బలవంతంగా తొడిగితే షాఫ్టే పోతుంది. నడుమ స్క్రూకి నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క, ప్లాస్టిక్ డబ్బాకి తగలకుండా. సర్వో మౌంటు ప్లాస్టిక్‌దే అయితే ఫుల్ లాక్ ఇచ్చి పక్క నుంచి చూడండి. సర్వో మొత్తం రెండు మిల్లీమీటర్లు ఊగుతుంటే, బీఈసీతో తెచ్చిన బలంలో కొంత అక్కడే పోతోంది.